ఈథర్స్‌తో చెల్లింపుల స్క్రిప్ట్: మామూలు జావాస్క్రిప్ట్ సరిపోతుందా, టైప్‌స్క్రిప్ట్‌కి మారాల్సిందేనా?

#1 · గాజువాక_శ్రీను · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్ట్, ఓపిక పట్టండి.

ఒక విదేశీ క్లయింట్‌కి చిన్న పని చేస్తున్నా. వాళ్లకో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది. అందులో పనిచేసినవాళ్లకి ప్రతి నెలాఖరునా ఈథీరియం బ్లాక్‌చైన్ మీద యూఎస్‌డీసీలో (డాలర్‌తో సమానంగా ఉండే టోకెన్) డబ్బు పంపాలి. సుమారు 140 మంది. పేరు, వాలెట్ అడ్రస్, ఎంత పంపాలి అన్నవి ఉన్న సీఎస్‌వీ ఫైల్ వాళ్లే ఇస్తారు. దాన్ని చదివి ఒక్కొక్కరికీ పంపడమే నా స్క్రిప్ట్ పని. ప్రస్తుతానికి సెపోలియా టెస్ట్‌నెట్ (ఉత్తుత్తి డబ్బుతో నడిచే పరీక్షా నెట్‌వర్క్) మీద నడిపి చూస్తున్నా.

జావాస్క్రిప్ట్ ఆరేళ్ల నుంచి రాస్తున్నా. టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్‌కే టైపులు, అంటే ఏది సంఖ్యో ఏది స్ట్రింగో చెప్పే గుర్తులు, జోడించిన భాష) అంటే వేరేవాళ్లు రాసింది చదవగలను, అంతే. యూట్యూబ్‌లో పాత వీడియో ఒకటి చూసి, ఈథీరియంతో మాట్లాడే లైబ్రరీ ఈథర్స్ ఎక్కించా. మొదటి లైనుకే పడింది. 'ప్రొవైడర్స్' అనేది అన్‌డిఫైన్డ్ అట. వీడియోలో మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది! ఎలాగో అది దాటితే డెసిమల్స్ (టోకెన్‌కి దశాంశ స్థానాలెన్నో చెప్పే సంఖ్య) దగ్గర ఇంకోటి: 10ని డెసిమల్స్ ఘాతానికి పెంచబోతే, బిగ్‌ఇంట్‌ని (ఎంత పెద్ద పూర్ణాంకాన్నైనా మోసే టైపు) వేరే టైపులతో కలపకూడదు అని ఎర్రర్.

క్లయింట్ వైపు ఒక సీనియర్ ఉన్నారు. "టైప్‌స్క్రిప్ట్‌లో రాసి ఉంటే ఈ రెండూ టైప్ చేస్తుండగానే కనిపించేవి" అన్నారు ఆవిడ. నాకున్నది రెండు వారాలు. మొత్తం స్క్రిప్ట్ 200 లైన్లు కూడా లేదు. దీనికి టైప్‌స్క్రిప్ట్ అవసరమా? పరాయివాళ్ల డబ్బు కాబట్టి కొంచెం టెన్షన్‌గా ఉంది.

#2 · టైప్_రాజు · సోమవారం రాత్రి 11:05

శ్రీను గారూ, మీ సీనియర్ చెప్పిందే రైటు. డబ్బు పంపే కోడ్‌ని టైపులు లేకుండా రాయడమంటే హెల్మెట్ లేకుండా హైవే ఎక్కడమే.

మొదటి ఎర్రర్ సంగతి: వీడియో ఈథర్స్ 5 నాటిది, మీ దగ్గర ఉన్నది 6. ఆరో వెర్షన్ 2023లో వచ్చింది. అందులో 'ప్రొవైడర్స్', 'యూటిల్స్' అన్న గదులు తీసేసి అన్నీ నేరుగా 'ఈథర్స్' కిందకే తెచ్చారు. వెబ్3ప్రొవైడర్ పేరు బ్రౌజర్‌ప్రొవైడర్ అయింది. ఐదులో పెద్ద సంఖ్యలకి వాళ్ల సొంత బిగ్‌నంబర్ క్లాస్ ఉండేది, ఆరులో జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న బిగ్‌ఇంట్ వాడుతున్నారు. అందుకే రెండో ఎర్రర్. టైప్‌స్క్రిప్ట్ అయితే రెండింటి కిందా ఎర్రగీత పడేది. మారిపోండి, రెండు రోజుల పని.

#3 · పాత_బ్యాకెండ్ · మంగళవారం ఉదయం 6:15

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకయ్యా. 200 లైన్ల స్క్రిప్ట్‌కి కాన్ఫిగ్ ఫైలు, బిల్డు, టైపుల ప్యాకేజీలు... అసలు పని కంటే సరంజామా ఎక్కువ.

ఈ కుర్రాడికి ముందు తెలియాల్సింది బిగ్‌ఇంట్ ఎందుకొచ్చిందన్నది. ఒక ఈథర్ (ఈథీరియం సొంత నాణెం) అంటే 10 ఘాతం 18 వెయ్, వెయ్ అంటే దాని అతిచిన్న ముక్క. జావాస్క్రిప్ట్ మామూలు నంబరు నమ్మకంగా మోయగలిగేది 9,00,71,99,25,47,40,991 వరకే. వెయ్‌లలో చూస్తే ఇది 0.009 ఈథర్‌కి కాస్త పైన. అది దాటితే చివరి అంకెలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. ఎర్రర్ కూడా రాదు. బిగ్‌ఇంట్ 2020 ప్రమాణంలో చేరింది కాబట్టి బతికిపోయారు. అంతకుముందు మేం అన్నీ స్ట్రింగులుగా మోసేవాళ్లం.

పైథాన్‌లో ఈ గొడవే లేదు. అక్కడ పూర్ణాంకం ఎంత పెద్దదైనా పూర్ణాంకమే. టైపులు రాయకపోయినా సరే. టైపులున్న భాష, లేని భాష అని కొట్టుకునే ముందు ఆ భాషలో సంఖ్య ఎలా ఉంటుందో చూడాలి.

#4 · సుజాత_డల్లాస్ · మంగళవారం ఉదయం 8:30

రాజు గారూ, మీరన్నదాంట్లో సగమే నిజం. ఆ మిగతా సగం దగ్గరే చాలామంది దెబ్బ తింటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

మొదటి ఎర్రర్‌ని టైప్‌స్క్రిప్ట్ పట్టుకునేది, అందులో సందేహం లేదు. లైబ్రరీలో లేని పేరు వాడితే వెంటనే అరుస్తుంది. రెండోదాన్ని మాత్రం పట్టుకునేది కాదు. శ్రీను చాలామందిలాగే ఏబీఐని (కాంట్రాక్ట్‌లో, అంటే చైన్ మీద నడిచే ప్రోగ్రాంలో, ఏ ఫంక్షన్లున్నాయో చెప్పేది) స్ట్రింగుల జాబితాగా ఇచ్చి ఈథర్స్ కాంట్రాక్ట్ చేసి ఉంటాడు. అప్పుడు ఆ కాంట్రాక్ట్ మీద ఏ పేరుతో ఏ ఫంక్షన్ పిలిచినా కంపైలర్ సరే అంటుంది, తిరిగొచ్చేది 'ఎనీ' (ఏ టైపైనా సరే) అంటుంది. డెసిమల్స్ 'ఎనీ' అయినప్పుడు 10ని దాని ఘాతానికి పెంచితే గీత ఎక్కడ పడుతుంది? నడిపినప్పుడే పగులుతుంది. ఈథర్స్ 6 పూర్ణాంకాలన్నిటినీ బిగ్‌ఇంట్‌గానే ఇస్తుంది, డెసిమల్స్ లాంటి బుల్లి యూఇంట్8ని కూడా.

దీనికి చెల్లెలు లాంటిది ఇంకొకటి. ఐదులో కాంట్రాక్ట్.అడ్రస్ అని ఉండేది, ఆరులో అది 'టార్గెట్' అయింది. పాత పేరు వాడితే అన్‌డిఫైన్డ్ వస్తుంది. దాన్ని లాగ్‌లో అచ్చు వేయబోతే టైప్‌స్క్రిప్ట్ కూడా ఊరుకుంటుంది, ఎందుకంటే దాని లెక్కలో 'అడ్రస్' కూడా కాంట్రాక్ట్‌లో ఉండే అవకాశమున్న ఒక ఫంక్షన్ పేరే. .టీఎస్ అని పేరు పెట్టినంత మాత్రాన టైపులు వచ్చినట్టు కాదు. గోడ కట్టి తలుపు పెట్టనట్టు ఉంటుంది.

నిజంగా టైపులు కావాలంటే ఏబీఐ నుంచే రావాలి. రెండు దారులున్నాయి. ఒకటి, టైప్‌చైన్ అనే పరికరం ఏబీఐ చదివి ప్రతి ఫంక్షన్‌కీ టైపులు రాసిపెడుతుంది, వాటిని ఈథర్స్‌తో వాడుకోవచ్చు. రెండోది, ఈథర్స్ లాంటిదే ఇంకో లైబ్రరీ, వియెమ్. ఇది 2023లో వచ్చింది. ఫైళ్లేమీ పుట్టించకుండా, మీరిచ్చిన ఏబీఐ స్థిరాంకాన్ని టైప్‌స్క్రిప్టే చదువుకుని, ఈ ఫంక్షన్‌కి ఇవి ఇవ్వాలి, ఇది తిరిగొస్తుంది అని తేల్చేస్తుంది. ఫంక్షన్ పేరు తప్పు కొట్టినా, ఒక ఆర్గ్యుమెంట్ మర్చిపోయినా అక్కడే గీత. పైగా వియెమ్ 48 బిట్ల వరకు ఉన్న పూర్ణాంకాలని మామూలు నంబరుగా, ఆ పైవాటిని బిగ్‌ఇంట్‌గా ఇస్తుంది. శ్రీను డెసిమల్స్ గొడవ అక్కడ పుట్టేదే కాదు.

#5 · గాజువాక_శ్రీను · మంగళవారం రాత్రి 9:50

సుజాతక్కా, చాలా థాంక్స్. మీరు చెప్పింది చదివి వియెమ్ ఎక్కించి చూశా. ఎక్కడా గీతలు రావట్లేదు! ఫంక్షన్ పేరు కావాలనే తప్పుగా 'బ్యాలెన్స్‌ఆఫ్ఫ్' అని కొట్టినా నోరు మెదపట్లేదు. ఏబీఐ జేసన్ ఫైల్ నుంచి ఇంపోర్ట్ చేస్తున్నా. నా ఎడిటర్ చెడిపోయిందా?

#6 · టైప్_రాజు · మంగళవారం రాత్రి 10:10

ఎడిటర్ బాగానే ఉంది. జేసన్ ఫైల్ ఇంపోర్ట్ చేస్తే టైప్‌స్క్రిప్ట్ అందులోని మాటలన్నిటినీ 'ఏదో ఒక స్ట్రింగ్' అనుకుంటుంది. 'బ్యాలెన్స్‌ఆఫ్' అన్న కచ్చితమైన మాట దానికి గుర్తుండదు. ఏబీఐని .టీఎస్ ఫైల్లో అతికించి చివర 'యాజ్ కాన్స్ట్' అని పెట్టాలి. జేసన్‌కి ఆ 'యాజ్ కాన్స్ట్' తగిలించే వీలు లేదు. ఎంతోమంది ఎన్నేళ్లుగానో అడుగుతున్న కోరిక అది.

మీకు కావాల్సింది యూఎస్‌డీసీ ఒక్కటే కదా. అలాంటి టోకెన్లు పాటించే ఈఆర్‌సీ-20 ప్రమాణం ఏబీఐ వియెమ్‌లోనే తయారుగా ఉంది, దాన్ని ఇంపోర్ట్ చేసుకోండి చాలు.

పైన సుజాత గారు చెప్పిన 'ఎనీ' సంగతి ఒప్పుకుంటున్నా. నేను టైప్‌చైన్‌కి అలవాటుపడి, అది లేకుండా ఎలా ఉంటుందో మర్చిపోయా.

#7 · నోడ్_కుర్రాడు · మంగళవారం రాత్రి 10:32

బ్రో, బిల్డ్ గొడవ కూడా అక్కర్లేదిప్పుడు. నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపేది) 22.18 నుంచి .టీఎస్ ఫైల్‌ని నేరుగా నడిపేయొచ్చు. ఫ్లాగ్ కూడా అవసరం లేదు. పాత_బ్యాకెండ్ అంకుల్ చెప్పిన సరంజామా అంతా పోయినట్టే.

#8 · సుజాత_డల్లాస్ · బుధవారం ఉదయం 7:45

నడుస్తుంది, కానీ ఎలా నడుస్తుందో తెలుసుకుని వాడండి. నోడ్ ఆ టైపులని చెరిపేసి మిగిలిన జావాస్క్రిప్ట్‌ని నడుపుతుంది. టైపులు సరిగ్గా ఉన్నాయా అని చూడనే చూడదు. ఫైలంతా తప్పుడు టైపులు రాసినా చక్కగా నడిచి డబ్బు పంపేస్తుంది. పరీక్ష కావాలంటే టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ని నో-ఎమిట్‌తో (ఫైళ్లేమీ రాయకుండా తనిఖీ మాత్రమే) విడిగా నడపాలి. చెల్లింపు కమాండ్‌కి ముందు అది పాసై తీరాలని ప్యాకేజ్ స్క్రిప్ట్‌లో కట్టేయండి. ఇంకోటి, ఈనమ్ లాంటివి ఉంటే అలా చెరిపేయడం కుదరదు, ఎర్రర్ ఇస్తుంది.

#9 · మిర్చియార్డు · బుధవారం మధ్యాహ్నం 1:20

భోజనం చేస్తూ చదువుతున్నా, నా సొంత గాయం ఒకటి చెప్పాలనిపించింది.

మూడేళ్ల కిందట ఒక చిన్న కంపెనీలో టోకెన్ సేల్ బ్యాకెండ్ చేశా. ఒక అడ్రస్ అనుమతి జాబితాలో ఉందా అని కాంట్రాక్ట్‌ని అడిగి, ఉంటేనే కూపన్ ఇవ్వాలి. మామూలు జావాస్క్రిప్ట్. ఇఫ్‌లో కాంట్రాక్ట్ ఫంక్షన్‌ని పిలిచా. జవాబొచ్చేదాకా ఆగమనే అవెయిట్ మర్చిపోయా. అవెయిట్ లేకపోతే వచ్చేది నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ప్రామిస్, అంటే జవాబు తర్వాత ఇస్తానన్న మాట. ప్రామిస్ అనేది ఇఫ్‌లో ఎప్పుడూ నిజమే. ఎవరొచ్చి అడిగినా 'రండి రండి' అని కూపన్ ఇచ్చేశాం. టెస్టులన్నీ పాస్, ఎందుకంటే నేను రాసిన టెస్టులన్నీ జాబితాలో ఉన్న అడ్రస్‌లతోనే.

నాలుగు గంటల తర్వాత కనుక్కున్నాం. అదృష్టం బాగుండి కూపన్‌ని వాడుకునే చోట కాంట్రాక్ట్‌లో ఇంకో తనిఖీ ఉంది. లేకపోతే ఈపాటికి గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తూ ఉండేవాణ్ణి. ఈ పేరు అప్పుడు పెట్టుకున్నదే.

#10 · సుజాత_డల్లాస్ · బుధవారం మధ్యాహ్నం 2:05

ఇది మాత్రం టైప్‌స్క్రిప్ట్ పూర్తిగా పట్టుకునే తప్పు. స్ట్రిక్ట్ ఆన్‌లో ఉంటే, ఈ ప్రామిస్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈ షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది, అవెయిట్ మర్చిపోయారా అని తనే అడుగుతుంది. తిరిగొచ్చేది 'ఎనీ' అయినా సరే, చుట్టూ ప్రామిస్ ఉందని దానికి తెలుసు. ఈఎస్‌లింట్‌లో వదిలేసిన ప్రామిస్‌లని పట్టే నియమం కూడా ఉంది, దానికి టైపుల సమాచారం తప్పనిసరి. బ్లాక్‌చైన్ లైబ్రరీల్లో దాదాపు ప్రతి ఫంక్షనూ ప్రామిసే ఇస్తుంది కాబట్టి, నా వరకు టైప్‌స్క్రిప్ట్ వాడటానికి మొదటి కారణం ఇదే. పెద్ద సంఖ్యలు ఆ తర్వాతే.

#11 · పాత_బ్యాకెండ్ · బుధవారం రాత్రి 8:40

మిర్చియార్డు కథ బాగుంది. ఒప్పుకుంటున్నా, అవెయిట్ విషయంలో యంత్రం కళ్లు మన కళ్ల కంటే నయం.

కానీ మీరెవరూ యూనిట్ల జోలికి రాలేదు. యూఎస్‌డీసీకి ఈథీరియం మీద డెసిమల్స్ 6. ఈథర్‌కి 18. శ్రీను 5 యూఎస్‌డీసీ పంపబోయి అలవాటులో 18 డెసిమల్స్ లెక్కతో నడిచే 'పార్స్‌ఈథర్' వాడితే, పంపబోయేది 5 లక్షల కోట్ల యూఎస్‌డీసీ. ట్రాన్స్‌ఫర్ అయితే బ్యాలెన్స్ చాలక పడిపోతుంది, బతికిపోతాడు. అదే, మన టోకెన్లు తీసుకునే అనుమతి ఇంకొకరికిచ్చే 'అప్రూవ్'లో రాస్తే? అప్రూవ్‌కి బ్యాలెన్స్‌తో పని లేదు. నిశ్శబ్దంగా పాసవుతుంది, ఎదుటి కాంట్రాక్ట్‌కి మీ ఖాతాలోని యూఎస్‌డీసీ మొత్తం తెరిచి పెట్టినట్టవుతుంది. తలకిందులుగా, 18 డెసిమల్స్ ఉన్న డాయ్ టోకెన్‌ని 6 అనుకుని పంపితే కంటికి కనపడనంత వెళుతుంది, ఎర్రరేమీ రాదు, అవతలివాడు "డబ్బు రాలేదు" అంటాడు.

ఇక్కడ మీ టైపులేం చేస్తాయి? పార్స్‌ఈథర్ ఇచ్చేదీ బిగ్‌ఇంటే, డెసిమల్స్ మనమే చెప్పే పార్స్‌యూనిట్స్ ఇచ్చేదీ బిగ్‌ఇంటే. కిలోలూ గ్రాములూ రెండిటికీ ఒకటే సంచి.

పేరు చూసి కూడా మోసపోవద్దు. బీఎన్‌బీ చైన్ (ఇంకో బ్లాక్‌చైన్) మీద బైనాన్స్-పెగ్ యూఎస్‌డీసీకి డెసిమల్స్ 18. రేపు క్లయింట్ "అక్కడ ఫీజు తక్కువ, అటు మార్చు" అంటే ఈ 6ని కోడ్‌లో చెక్కి పెట్టుకున్నవాడి పని గోవిందా. డెసిమల్స్ ఎప్పుడూ కాంట్రాక్ట్‌నే అడగాలి.

#12 · టైప్_రాజు · బుధవారం రాత్రి 9:15

బ్రాండెడ్ టైపులు చేసుకోవచ్చు అంకుల్. బిగ్‌ఇంట్‌కి 'వెయ్' అనో 'యూఎస్‌డీసీ యూనిట్' అనో ముద్ర వేస్తే ఒకదాని బదులు ఇంకోటి ఇవ్వనివ్వదు. ఆ ముద్ర లైబ్రరీ వేయదు, మనమే వేసుకోవాలి. ఎంతమంది వేసుకుంటారంటే మాత్రం... నేనైతే ఒక్క ప్రాజెక్టులో వేశా.

#13 · సుజాత_డల్లాస్ · బుధవారం రాత్రి 10:50

పాత_బ్యాకెండ్ గారి మాటకి ఇంకో ముక్క కలుపుతా, ఎందుకంటే శ్రీను ఈథర్స్ నుంచి వియెమ్‌కి మారుతున్నాడు.

పార్స్‌యూనిట్స్ రెండింటిలోనూ ఉంది. రెండింటిలోనూ స్ట్రింగ్ ఇచ్చి డెసిమల్స్ ఇస్తాం, బిగ్‌ఇంట్ వస్తుంది. చూడటానికి కవలలు. సీఎస్‌వీలో మొత్తాన్ని ఎక్కడో 0.1 చొప్పున మూడు సార్లు కూడారనుకోండి, 0.30000000000000004 వచ్చి ఉంటుంది. 6 డెసిమల్స్‌తో ఈథర్స్‌కి ఇస్తే, దశాంశ స్థానాలు ఎక్కువయ్యాయని ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. వియెమ్ మాత్రం గుండ్రం చేసి ముందుకెళుతుంది. ఏది మంచిదన్నది మీ ఇష్టం. నేనైతే చెల్లింపుల్లో ఆగిపోయేదాన్నే కోరుకుంటా.

రసీదు (లావాదేవీ చైన్ మీద ఏమైందో చెప్పేది) ఇంకా ముఖ్యం. ఈథర్స్‌లో లావాదేవీ చైన్ మీద విఫలమైతే 'వెయిట్' ఎర్రర్ విసురుతుంది. వియెమ్‌లో రసీదు కోసం ఎదురుచూసే ఫంక్షన్ విసరదు. రసీదు ఇస్తుంది, అందులో స్టేటస్ 'సక్సెస్' అనో 'రివర్టెడ్' అనో ఉంటుంది. ఈథర్స్ అలవాటుతో ట్రై-క్యాచ్ పెట్టుకుని ధీమాగా ఉంటే, విఫలమైనవి కూడా 'పంపాం' ఖాతాలో పడతాయి. ఆ స్టేటస్ ఉందని టైపు చూపిస్తుంది, కానీ చూసి తీరమని బలవంతం చేయదు.

#14 · గాజువాక_శ్రీను · శుక్రవారం రాత్రి 11:30

అందరూ చెప్పింది చదివా, రాసుకున్నా, అయినా తప్పు చేశా. టెస్ట్‌నెట్ మీద కాబట్టి నవ్వుకుంటూ చెబుతున్నా.

వియెమ్‌కి పూర్తిగా మారే ముందు, ఉన్న ఈథర్స్ స్క్రిప్ట్‌నే .టీఎస్‌గా మార్చి, కంపైలర్ పరీక్ష పాసయ్యాక నడిపా. 10 వరుసల సీఎస్‌వీ. ప్రతి చెల్లింపు అయ్యాక ఒక లాగ్ ఫైల్లో జేసన్‌గా రాసేలా పెట్టా: ఎవరికి, ఎంత, ఏ లావాదేవీ. మళ్లీ నడిపితే లాగ్‌లో ఉన్నవాళ్లని దాటేయాలన్నది ఆలోచన.

మొదటివాడికి వెళ్లింది. లాగ్ రాయబోతే కుప్పకూలింది. 'ఎంత' అన్నది బిగ్‌ఇంట్. జేసన్.స్ట్రింగిఫై బిగ్‌ఇంట్‌ని రాయలేదట! ఏదో నెట్ సమస్య అనుకుని మళ్లీ నడిపా. లాగ్ ఖాళీ కాబట్టి మళ్లీ మొదటివాడికే పంపింది, మళ్లీ కూలింది. ఎర్రర్ నిదానంగా చదవకుండా నాలుగుసార్లు నడిపా. ఒకే మనిషికి నాలుగు జీతాలు. ఆ మనిషి నేనే, నా రెండో వాలెట్.

కంపైలర్ ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకని?

#15 · టైప్_రాజు · శుక్రవారం రాత్రి 11:48

ఎందుకంటే స్ట్రింగిఫై తీసుకునేది 'ఎనీ'. ఏది ఇచ్చినా సరే అంటుంది. నేనూ దీనికి బలయ్యా, ఎక్స్‌ప్రెస్ సర్వర్లో. బిగ్‌ఇంట్‌ని టూస్ట్రింగ్‌తో మార్చి రాయండి, చదివేటప్పుడు మళ్లీ బిగ్‌ఇంట్ చేయండి. నంబరుగా మాత్రం మార్చొద్దు.

#16 · మిర్చియార్డు · శనివారం ఉదయం 9:00

నాలుగు జీతాలు తీసుకున్న శ్రీనుకి అభినందనలు. మా ఆవిడకి చూపించా, "ఈయన నంబరు కనుక్కోండి" అంది.

#17 · పాత_బ్యాకెండ్ · శనివారం ఉదయం 9:25

నవ్వులాటకేం గానీ, ఇది బిగ్‌ఇంట్ తప్పు కాదు, టైపుల తప్పు కూడా కాదు. డబ్బు పంపాక చిట్టా రాయడం తప్పు. కిరాణా కొట్టువాడు కూడా ముందు పద్దు రాసుకుని తర్వాత సరుకు ఇస్తాడు.

వరస ఇలా ఉండాలి. వరుస వరుసకీ నాన్స్ (ఖాతా నుంచి వెళ్లే లావాదేవీల క్రమ సంఖ్య) ముందే కేటాయించు. లావాదేవీ తయారు చేసి సంతకం పెట్టు, ఇంకా పంపకు. సంతకం పెట్టిన లావాదేవీ నుంచే దాని హ్యాష్ (లావాదేవీ గుర్తింపు సంఖ్య) తెలిసిపోతుంది. నాన్స్, హ్యాష్, సంతకం చేసిన మొత్తం లావాదేవీ ఫైల్లో రాయి. రాశాకే నెట్‌వర్క్‌లోకి వదులు. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ నడిపితే అదే సంతకం చేసిన లావాదేవీ వెళుతుంది. ఒక నాన్స్‌తో చైన్‌లోకి ఎక్కేది ఒక్కటే కాబట్టి రెండోసారి జీతం వెళ్లే అవకాశమే ఉండదు. 140 మందిని ప్రామిస్.ఆల్‌లో ఒకేసారి తోలేసేవాళ్లు కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. ఒకే నాన్స్ ఇద్దరికి తగులుకుని సగం తిరిగొస్తాయి. ఇది కోబాల్‌లో రాసినా ఇంతే.

#18 · మిర్చియార్డు · శనివారం ఉదయం 10:10

ఒక తెలివితక్కువ ప్రశ్న. అసలు స్క్రిప్టే ఎందుకు? సేఫ్ మల్టీసిగ్‌లో (ఒకరికి మించి సంతకాలతో నడిచే వాలెట్) సీఎస్‌వీ ఇచ్చి అందరికీ ఒకేసారి పంపే యాప్ ఉంది. సంతకాలు క్లయింటే పెట్టుకుంటాడు. ప్రైవేట్ కీ (వాలెట్ రహస్య తాళంచెవి) శ్రీను ల్యాప్‌టాప్‌లో .ఎన్వ్ ఫైల్లో పడుకోవాల్సిన పని ఉండదు.

#19 · గాజువాక_శ్రీను · శనివారం ఉదయం 10:35

అన్నా, తెలివితక్కువ ప్రశ్న కాదు, నేనూ అదే అడిగా. వాళ్ల అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో చెల్లింపు విడి లావాదేవీగా కావాలట. కీ విషయంలో మాత్రం మీ మాట పట్టుకుని మాట్లాడా. చెల్లింపు రోజు వాళ్ల మెషీన్ మీద వాళ్లే నడుపుతారు, ఆ వాలెట్‌లో ఆ నెల డబ్బు మాత్రమే ఉంచుతారు. నా దగ్గర కీ ఉండదు.

#20 · నోడ్_కుర్రాడు · శనివారం మధ్యాహ్నం 12:15

వాళ్ల మెషీన్ మీద నడిపేటప్పుడు లాక్ ఫైల్ (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండేది) కూడా ఇచ్చి, అచ్చం వాటినే తెచ్చే ఎన్‌పీఎం సీఐ కమాండ్‌తోనే ఎక్కించమను బ్రో. 2024 డిసెంబర్‌లో సొలానా అనే బ్లాక్‌చైన్ లైబ్రరీ వెబ్3.జేఎస్ 1.95.6, 1.95.7 వెర్షన్లలో ప్రైవేట్ కీలు దొంగిలించే కోడ్ దూర్చారు. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల్లోకి వాలెట్ అడ్రస్‌లని మార్చేసే కోడ్ వచ్చింది. చాక్ అంటే టెర్మినల్‌లో రంగులు వేసేది, దానికీ బ్లాక్‌చైన్‌కీ సంబంధమే లేదు. టైపుల ఫైళ్లు చూస్తే అన్నీ శుద్ధంగానే కనిపిస్తాయి. లోపల నడిచేది వేరు.

#21 · సుజాత_డల్లాస్ · శనివారం మధ్యాహ్నం 12:40

మంచి మాట చెప్పావు. శ్రీనూ, డిపెండెన్సీలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టు. రంగుల కోసం ఒకటి, తేదీల కోసం ఒకటి ఉంటే తీసెయ్. ఈథీరియం వెబ్3.జేఎస్ (సొలానాది కాదు) మీద రాసిన పాత ఉదాహరణలు చూసి కాపీ చేస్తుంటే అదీ మానెయ్. దాని నిర్వహణని 2025 మార్చిలోనే ఆపేశారు.

#22 · నిర్వాహకుడు · శనివారం మధ్యాహ్నం 1:00

రస్ట్ గొప్పా, టైప్‌స్క్రిప్ట్ గొప్పా అన్న ఐదు పోస్టులు తీసి వేరే థ్రెడ్‌లోకి మార్చాను. ఇక్కడ శ్రీను ప్రశ్న వరకే.

#23 · గాజువాక_శ్రీను · తర్వాతి గురువారం రాత్రి 10:05

చెల్లింపు నిన్న అయింది. 139 మందికి వెళ్లింది. మిగిలిన ఆ ఒక్క మనిషి సంగతి చెప్పడానికే ఈ పోస్ట్.

చివరికి నేను చేసింది ఇది: ఫైల్ .జేఎస్‌గానే ఉంచా. పైన టీఎస్-చెక్ అని ఒక కామెంట్ పెట్టి, టైపులు కావాల్సిన చోట జేఎస్‌డాక్ కామెంట్లలో రాశా. లైబ్రరీ వియెమ్, ఏబీఐ వాళ్లదే. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ జావాస్క్రిప్ట్‌నే పరీక్షిస్తుంది, బిల్డేమీ లేదు. 'యాజ్ కాన్స్ట్' కావాల్సిన చోట కామెంట్‌లో 'కాన్స్ట్' టైపు అని రాస్తే సరిపోయింది. రాజు గారు తిట్టుకున్నా సరే, నా చేయి తిరిగిన భాషలోనే ఉన్నా.

సీఎస్‌వీ నుంచి అడ్రస్ తీసుకుని ట్రాన్స్‌ఫర్‌కి ఇవ్వబోతే గీత పడింది. నీ దగ్గరున్నది మామూలు స్ట్రింగ్, నాకు కావాల్సింది 0ఎక్స్‌తో మొదలయ్యే అడ్రస్ అంటుంది. మొదట చిరాకేసింది. క్యాస్ట్ చేసి (ఇది అడ్రస్సే అని బలవంతంగా చెప్పి) నోరు మూయించబోయా. సుజాతక్క చెప్పిన 'తలుపు లేని గోడ' గుర్తొచ్చి ఆగి వెతికా. 'ఈజ్‌అడ్రస్' అనే తనిఖీ ఉంది. దాన్ని ఇఫ్‌లో పెడితే అది దాటాక స్ట్రింగ్ తనంతట తనే అడ్రస్ అయిపోతుంది, గీత పోతుంది. సరే అని పెట్టా.

నిజమైన సీఎస్‌వీతో ఏమీ పంపకుండా ఉత్తుత్తిగా నడిపితే 87వ వరుస దగ్గర ఆగింది. అడ్రస్ 42 అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, 0ఎక్స్‌తోనే మొదలైంది, కానీ చెక్‌సమ్ (అడ్రస్‌లో పొరపాటు పట్టే గుర్తు) తప్పు. క్లయింట్ వాళ్లు ఆ మనిషిని అడిగితే, ఫోన్‌లో చూసి చేత్తో ఎక్కించాడట, మధ్యలో ఒక అంకె మారింది. అది వెళ్లి ఉంటే ఇక తిరిగొచ్చేది కాదు.

#24 · సుజాత_డల్లాస్ · గురువారం రాత్రి 10:40

చాలా బాగా చేశావు శ్రీనూ. ఒక్క విషయం చూసుకో: చెక్‌సమ్ ఉండేది పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల కలయికలో. 2016లో వచ్చిన ఈఐపీ-55 అది. అడ్రస్ మొత్తం చిన్న అక్షరాల్లో ఉంటే పోల్చడానికి ఏమీ ఉండదు, ఈజ్‌అడ్రస్ దాన్ని దాటనిచ్చేస్తుంది. అలాంటి వరుసలెన్నో లెక్కపెట్టి, వాళ్లకి విడిగా మెయిల్ పెట్టి ధ్రువీకరించుకోమను.

#25 · గాజువాక_శ్రీను · గురువారం రాత్రి 11:15

ఇప్పుడే చూశా అక్కా. 31 ఉన్నాయి. నిన్న పంపినవాటిలోనే. పొద్దున్నే క్లయింట్‌కి రాస్తా. ఈ రాత్రికి నిద్ర పట్టేలా లేదు.

#26 · పాత_బ్యాకెండ్ · శుక్రవారం ఉదయం 6:05

చైన్ లావాదేవీలు చూపే ఎక్స్‌ప్లోరర్ సైటు తెరిచి ఆ 31లో ఇంతకుముందు లావాదేవీలున్న అడ్రస్‌లెన్నో చూడు ముందు. పాత కదలికలున్నది దాదాపు అసలుదే అయి ఉంటుంది. ఏమీ లేని కొత్త అడ్రస్‌ల గురించే కంగారు.

#27 · గాజువాక_శ్రీను · శుక్రవారం ఉదయం 7:20

29కి పాత లావాదేవీలున్నాయి. రెండు పూర్తిగా కొత్తవి. ఒకాయన పొద్దున్నే జవాబిచ్చాడు, వచ్చిందట. ఇంకొకాయనది బ్రెజిల్, అక్కడింకా తెల్లవారలేదు.